రంధ్ర పునరుద్ధరణ పథకం

అరుగుదల అనేది లోహానికి ఉండే గుణం కాదనీ, ఉద్యోగికి ఉండే దుర్గుణమనీ నరవపాలెం కేబుల్ కర్మాగారంలో ఒక మంగళవారం నాడు తేలిపోయింది. తేల్చింది ప్రధాన కార్యాలయం. అక్కడ లోహాలు లేవు, ఫైళ్ళు మాత్రమే ఉన్నాయి. అవి ఎన్నేళ్ళు పడి ఉన్నా అరగవు. కాబట్టి కింద కర్మాగారంలో వస్తువులు అరుగుతున్నాయని తెలిసేసరికి అక్కడి పెద్దలకి ముందు ఆశ్చర్యం, తర్వాత కోపం వచ్చాయి.

లెంక పైడయ్యకి ఈ సంగతి బుధవారం తెలిసింది. పైడయ్య మూడో నంబరు పురిమిషను మీద మేస్త్రి. పంతొమ్మిది రాగి తీగల్ని మెలిపెట్టి ఒకే లావుపాటి తీగగా చేసే మిషను అది. మెలితిరిగిన తీగలన్నీ చివర్లో ఒక డైలోంచి దూరి బయటికి వస్తాయి. డై అంటే అరచేతిలో ఇమిడే గట్టి లోహపు బిళ్ళ, నడిమధ్య ఒక రంధ్రం. బిళ్ళలో గొప్పేమీ లేదు, గొప్పంతా రంధ్రానిదే. రంధ్రం ఎంత ఉంటే తీగ అంత వస్తుంది. మూడో నంబరు మిషను డై రంధ్రం ఎనిమిది పాయింటు ఒకటి సున్నా మిల్లీమీటర్లు ఉండాలి. ఎనిమిది పాయింటు రెండు అయిదు దాకా సరిపెట్టుకోవచ్చు. అది దాటితే పక్క సెక్షనులో వేసే ప్లాస్టిక్ తొడుగు ఒకవైపు పలచబడుతుంది. పలచబడ్డ చోట, ఏదో ఒక వానాకాలం, ఎవరిదో మోటారు షెడ్డు దగ్గర కేబుల్ పేలుతుంది.

పైడయ్యకి ఒక పిచ్చి ఉంది. తయారైన కేబుల్ చుట్టిన చెక్క డ్రమ్ము మీద, తీగ పురిపెట్టిన మేస్త్రి నంబరు కాల్చి ముద్ర వేస్తారు. పైడయ్య నంబరు నలభై ఒకటి. ఇరవై రెండేళ్ళలో నలభై ఒకటి ముద్ర ఉన్న డ్రమ్ము ఒక్కటి కూడా కొన్నవాళ్ళ దగ్గర్నుంచి వెనక్కి రాలేదు. మిగతా నంబర్లు అప్పుడప్పుడు గేటు దగ్గర లారీల్లో తిరిగొచ్చి తలదించుకుని నిలబడేవి. అలాంటి లారీ వచ్చిందని తెలిస్తే పైడయ్య తాగుతున్న టీ గ్లాసు పక్కన పెట్టి, గేటు దాకా నడిచి, ముద్ర చూసి వచ్చి మిగిలిన టీ తాగేవాడు. దాన్ని గర్వమనాలో భయమనాలో అతనికే తెలియదు. ఆ అంకె ఒక్కసారి వెనక్కొస్తే మర్నాడు తను ఆ గేటులోంచి తలెత్తుకుని లోపలికి రాలేడని మాత్రం తెలుసు.

మూడో నంబరు మిషను డై ఆరు వందల కిలోమీటర్ల రాగిని మింగి, ఎనిమిది పాయింటు రెండు నాలుగుకి చేరింది. పైడయ్య పదకొండు నెలల కిందటే కొత్త డై కావాలని కాగితం పెట్టుకున్నాడు. దాని మీద ఎనిమిది సంతకాలు పడాలి. ఏడు పడ్డాయి. ఎనిమిదో ఆయన సెలవులో ఉన్నారు, సెలవు నుంచి వచ్చాక బదిలీలో ఉన్నారు. కొత్త డై కోసం ఎదురుచూస్తున్న పైడయ్యకి దానికి బదులు మెమో వచ్చింది.

"మీ ఆధీనమునందున్న డై యొక్క రంధ్రము పద్నాలుగు వందవ వంతుల మేర విస్తరించినట్లు గమనించడమైనది. సదరు విస్తరణకు మీపై క్రమశిక్షణా చర్య ఎందుకు గైకొనరాదో మూడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలుపవలెను."

కింద సంతకం ధనంజయ పాత్రో గారిది. మంగళవారం దాకా ఆయన కర్మాగారం అతిథి గృహం చూసుకునేవారు. మంగళవారం నుంచి అరుగుదల నియంత్రణాధికారి. మనిషి మంచివారే. దుప్పట్లు లెక్కపెట్టినంత శ్రద్ధగా రంధ్రాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

డైలోంచి రాగి వెళ్ళినందువల్ల అరిగిందని పైడయ్య జవాబు రాశాడు. రెండో మెమో వచ్చింది. రాగి డైని తాకుటకు అనుమతి మంజూరు చేసిన అధికారి పేరు, హోదా, తేదీ తెలుపవలెనని అందులో ఉంది. మూడో మెమో దాకా వస్తే మేస్త్రి నంబరు రద్దుచేసి వేరొకరికి కేటాయింతురని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

పైడయ్య ఆ కాగితం పట్టుకుని స్టోర్సులో గుమస్తా మేరీ సుగుణ దగ్గరికి వెళ్ళాడు. సుగుణ పదిహేనేళ్ళుగా అతనికి కాగితాలు చదివి పెడుతోంది. చిన్న అక్షరాల దాకా చదివి, కళ్ళజోడు తీసి, పైడయ్యని చూసి జాలిపడింది. నంబరు పోతే పోయింది, జీతం ఎక్కడికీ పోదు కదా అంది. తన నంబరు ఇంకొకడి చేతికి వెళ్ళి, వాడి చేతిలో గేటుకి తిరిగిరావడం పైడయ్య కళ్ళ ముందు కనిపిస్తోంది.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధ పూజకి మిషన్లన్నీ కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టడం కర్మాగారం పుట్టినప్పటి నుంచీ ఉన్న ఆచారం. డైకి గంధం పూసే పని మాత్రం పైడయ్య ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఇంటి దగ్గర సానమీద గంధం చెక్క అరగదీసి ముద్ద తెచ్చేవాడు. ఆ అరుగుదలకి ఎవరూ మెమో ఇవ్వరు. ఏటా డై మీద నాలుగు చుక్కలు పెట్టేవాడు. ఈసారి మెమోల బెంగ మనసులో ఉంది కనుక బిళ్ళంతా పూసి, రంధ్రం లోపలి గోడకి కూడా చుట్టూ మెత్తి, ఈ గండం గట్టెక్కించు తల్లీ అని దండం పెట్టుకున్నాడు.

పూజ చేసిన పనిముట్టుని మూడో రోజు దాకా కదపకూడదు. మూడో రోజు పొద్దున పైడయ్య బకెట్టు నీళ్ళతో వచ్చేసరికి పాత్రో గారు కొలత కడ్డీలతో ముందే వచ్చి ఉన్నారు. ఒక్కో కడ్డీ ఒక్కో లావు ఉంటుంది. ఏ కడ్డీ సరిగ్గా దూరితే రంధ్రం అంత అని లెక్క. పూజలో ఉన్న వస్తువు కనుక పాత్రో గారు చెప్పులు విడిచి, కడ్డీని కళ్ళకద్దుకుని, ఎక్కడ నొప్పెడుతుందో అన్నంత మెల్లగా లోపలికి పెట్టారు. రెండు నాలుగు కడ్డీ దూరలేదు. రెండు సున్నా దూరలేదు. చివరికి ఎనిమిది పాయింటు ఒకటి రెండు కడ్డీ దూరింది.

పాత్రో గారు పక్కనున్న ఖాళీ డ్రమ్ము మీద కూర్చుండిపోయారు.

"పైడయ్యా, రంధ్రం తగ్గింది," అన్నారు.

"గంధమండి బాబూ అది. రెండ్రోజులకి ఎండి రాయైపోనాది. నీలతో కడిగేత్తే మల్లీ పాత రంధ్రమే."

పాత్రో గారు ఆ మాట శ్రద్ధగా విని, పుస్తకం తీసి, 'సదరు ఉద్యోగి వినయశీలి' అని రాసుకున్నారు. బకెట్టు నీళ్ళు అక్కడి నుంచి తీయించేశారు.

జనరల్ మేనేజరు త్రివిక్రమరావు గారికి రుతువుకొక ఉత్సాహం వచ్చేది. ఎండాకాలంలో కుర్చీలన్నీ తూర్పుకి తిప్పించారు. వానాకాలంలో షిఫ్టుకి ముందు అందరూ అయిదు నిమిషాలు నవ్వాలన్నారు. చలికాలం ఖాళీగా ఉంది. సరిగ్గా అప్పుడు పాత్రో గారు కడ్డీ పట్టుకుని గదిలోకి వచ్చారు. విన్నంతసేపూ త్రివిక్రమరావు గారి కళ్ళు మెరుస్తూనే ఉన్నాయి. సాయంత్రానికి సర్క్యులరు గోడకెక్కింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, అరిగిన డైలను కొత్త డైలతో మార్చు కాలము చెల్లినది. ప్రతి శుక్రవారము సమస్త డైలకు చందన లేపనము గావించి, రంధ్రములను పూర్వస్థితికి తెచ్చు 'రంధ్ర పునరుద్ధరణ పథకము' తక్షణమే అమలులోనికి వచ్చును."

పైడయ్య మీది మెమోలు రద్దయ్యాయి. అతన్ని పునరుద్ధరణ మేస్త్రిగా ప్రకటించి, క్యాంటీను ముందు అందరూ చూస్తుండగా శాలువా కప్పారు. కప్పుతున్నప్పుడు పైడయ్య మళ్ళీ అసలు సంగతి చెప్పబోయాడు. త్రివిక్రమరావు గారు అతని చెయ్యి పట్టుకుని, ఇంత సాధించీ తనదేం లేదంటున్న ఇలాంటి మనుషుల వల్లే సంస్థలు నిలబడుతున్నాయని మైకులో చెప్పారు. చప్పట్లు మోగాయి. చివరి ప్రయత్నంగా పైడయ్య సుగుణ చేత కాగితం మీద రాయించి ఇచ్చాడు. అది 'గంధము నాణ్యతపై సూచనలు' అనే కొత్త ఫైల్లో మొదటి కాగితంగా చేరింది. అంతటితో నిజం చెప్పడంలో అతని వంతు అయిపోయింది.

పునరుద్ధరించిన డైని మిషనులో బిగించి తీగ వదిలితే మొదటి గజంలోనే గంధమంతా పొడై రాలిపోయింది. సాయంత్రం పాత్రో గారు కొలిస్తే ఎనిమిది పాయింటు రెండు నాలుగు. పొద్దున ఒకటి రెండు, సాయంత్రం రెండు నాలుగు. ఆరు వందల కిలోమీటర్లకి అరగవలసింది ఒక్క షిఫ్టులో అరిగిపోయింది. వెంటనే ముగ్గురు సభ్యుల సంఘం వేశారు. సంఘం రెండు వారాలు కూర్చుని రెండు రకాల డైలని పరిశీలించింది. గంధం పూసి అరలో పెట్టిన డైలు వారం తర్వాత కూడా ఒకటి రెండు దగ్గరే ఉన్నాయి. గంధం పూసి మిషనులో పెట్టినవి పూటలో చెడిపోయాయి. గంధం రెండింటికీ ఒకటే కనుక దోషం మిషనుదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

రెండో సర్క్యులరు వచ్చింది. పునరుద్ధరించిన డైలను ఏ పరిస్థితిలోను మిషను నందు అమర్చరాదు. లేపనమును కడుగుట, తుడుచుట, గోకుట అరుగుదల కలిగించుటతో సమానముగా పరిగణింపబడును.

పైడయ్య ఇక ఆగలేక జనరల్ మేనేజరు గారి గదికే వెళ్ళాడు. అతను సింహాచలం కొండ కింద ఊళ్ళో పుట్టినవాడు. తనకి తెలిసిన అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం తెచ్చాడు.

"బాబూ, అప్పన్నబాబుకి కూడా ఏడాదికో పాలి గందం ఒలిచి నిజరూపం సూపిత్తారు. మన డైకి ఆ ఒక్క రోజూ లేదంటే ఎలాగండి?"

త్రివిక్రమరావు గారికి ఆ మాట చాలా నచ్చింది. రాసుకున్నారు కూడా. అయితే నిజరూపం చూపించిన రోజు ఎంత పొడుగు క్యూలు కడతారో గుర్తుచేసి, పని స్థలంలో క్యూలు ఉండకూడదన్నారు.

డైలన్నీ అద్దాల బీరువాలోకి వెళ్ళాయి. ఒక్కోదాని కింద చిన్న మఖమలు దిండు. శుక్రవారం శుక్రవారం పైడయ్య తలుపు తీసి, పాత గంధం మీద కొత్త గంధం మెత్తి, తలుపు వేసేవాడు. ఉత్పత్తి మాత్రం ఎప్పటిలాగే రోజుకి నాలుగు డ్రమ్ములు ఉండాలి. డై లేకుండా పురి ఎలా పెట్టాలో ఏ సర్క్యులరులోనూ లేదు. పైడయ్య పాతకాలం మేస్త్రీల పద్ధతి గుర్తుచేసుకుని, ఒక తుమ్మచెక్క దిమ్మకి బెజ్జం వేసి మిషనులో బిగించాడు. చెక్క డైల జాబితాలో లేదు కనుక దాన్ని ఎవరూ కొలవలేదు, పునరుద్ధరించనూ లేదు.

కానీ చెక్క చెక్కే. రెండు గంటలకి ఒకసారి మార్చకపోతే బెజ్జం నోరు తెరిచేస్తుంది. పైడయ్య రోజంతా చేతిలో గుడ్డతో నడిచే తీగని పట్టి చూస్తూ, లావెక్కిందని వేళ్ళకి తెలియగానే మిషను ఆపి దిమ్మ మార్చేవాడు. అన్నం తింటున్నా అతని కుడిచేతి వేళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉండేవి. అయినా ఒక మధ్యాహ్నం తొడుగు సెక్షనువాళ్ళు ఒక తీగ చుట్టని వెనక్కి పంపారు. లావుగా ఉందన్నారు. దాని మీద ఇంకా ముద్ర పడలేదు, ముప్ఫై గజాల దూరం నుంచే వచ్చింది. అయినా పైడయ్య ఆ పూట అన్నం క్యారేజీ తెరవలేదు. ఇవాళ పక్క సెక్షనువాళ్ళు చూశారు. రేపు వాళ్ళు చూడనిది గేటు దాటి వెళుతుంది, వెళ్ళింది లారీలో తిరిగొస్తుంది. సుగుణ క్యారేజీ తెరిచి, చెయ్యి కడుక్కోమని కేకలేస్తే రెండు ముద్దలు తిన్నాడు.

చలికాలం చివర ఒక శుక్రవారం పాత్రో గారు బీరువా తెరిచి, మూడో నంబరు మిషను డైని కొలవబోతే ఏ కడ్డీ దూరలేదు. అన్నిటికన్నా సన్న కడ్డీ కూడా దూరలేదు. డైని ఎండకి ఎత్తి చూశారు. అవతల ఏమీ కనిపించలేదు. ఇరవై శుక్రవారాల గంధం రంధ్రాన్ని పూర్తిగా మూసేసింది.

దాన్ని సంపూర్ణ పునరుద్ధరణ అన్నారు. ప్రధాన కార్యాలయం నుంచి ఒక డైరెక్టరు గారు దిగారు. షామియానా వేశారు. డైని వెండి పళ్ళెంలో పెట్టి అందరికీ చూపించారు. త్రివిక్రమరావు గారు గంటసేపు మాట్లాడారు. "రంధ్రం పెరగకుండా ఆపినవాళ్ళు ఉన్నారు, రంధ్రాన్ని తగ్గించినవాళ్ళం మనమే. ఇవాళ రంధ్రమే లేదు. లేని రంధ్రం ఎలా అరుగుతుందో చెప్పమనండి," అన్నారు. ఎవరూ చెప్పలేకపోయారు. డైరెక్టరు గారు పక్కకి వంగి, మరి తీగ ఎట్నుంచి వెళుతుందని మెల్లగా అడిగారు. ఆ అంశాన్ని పథకం రెండో దశలో చేపడతామని పాత్రో గారు మనవి చేశారు. డైరెక్టరు గారు తృప్తిగా తలూపి కొబ్బరినీళ్ళు తాగారు.

ఆ హడావుడిలో, పదిహేడు నెలల కిందటి కాగితం మీద ఎనిమిదో సంతకం ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఒక ఉదయం కొత్త డై వచ్చేసింది. సుగుణ కబురు పంపితే పైడయ్య పరుగెత్తుకుంటూ వెళ్ళాడు. అట్టపెట్టెలో మైనపు కాగితం చుట్టి ఉంది. విప్పి రంధ్రంలోంచి చూస్తే అవతల సుగుణ బల్ల, బల్ల మీద క్యాలెండరు, క్యాలెండరులో తేదీ స్పష్టంగా కనిపించాయి. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కానీ అప్పటికే మూడో సర్క్యులరు ఉంది. కర్మాగారంలోకి వచ్చే ప్రతి కొత్త డైకి ముందు చందన లేపనం జరగాలి, తర్వాతే కొలత. ముందు కొలవండి బాబూ అని పైడయ్య పాత్రో గారి కాళ్ళ మీద పడినంత పని చేశాడు. లేపనం లేకుండా కొలిస్తే, కొలిచేటప్పుడు కడ్డీ తగిలి అరిగితే దానికి బాధ్యులెవరని పాత్రో గారు అడిగారు. చివరికి పైడయ్య తన చేత్తోనే గంధం పూయాల్సి వచ్చింది. ఎంత పలచగా పూద్దామన్నా పక్కన నిలబడి మూడు పొరలు పూయించారు.

రెండ్రోజుల తర్వాత కొలిస్తే ఎనిమిది పాయింటు ఒకటి సున్నా కడ్డీ దూరలేదు. ఎనిమిది పాయింటు సున్నా రెండు దూరింది. కొలత తక్కువ ఉందని కొత్త డైని తిరస్కరించారు. బీరువాలోని డైలకి కొలత తగ్గితే షామియానా వేశారు కదా అని పైడయ్య అడిగాడు. పాతది తగ్గితే పునరుద్ధరణ, కొత్తది తగ్గితే తయారీ లోపం అని పాత్రో గారు ఓపిగ్గా విడమరచి చెప్పారు. డై మీద ఎర్ర రంగుతో అడ్డగీత కొట్టి తుక్కు బుట్టలో వేశారు.

పైడయ్య స్టోర్సు గడప మీద చాలాసేపు కూర్చున్నాడు. ఇక తన నంబరు తనే తిరిగిచ్చేస్తానన్నాడు. వెనక్కొచ్చాక పోగొట్టుకునేకంటే ముందే వదులుకోవడం నయమన్నాడు. సుగుణ రిజిస్టరు ముందుకి లాక్కుని ఒక గీత మీద వేలు పెట్టింది.

"సూడన్నా. వొచ్చింది ఒకటి, తిరస్కరించింది ఒకటి. మిగిలింది సున్నా. అంటే ఈ డై కర్మాగారంలో లేదు. లేనిదాన్ని ఎవులు పట్టుకెల్తే నాకేటి?"

పైడయ్య ఆమె మొహంలోకి చూశాడు. సుగుణ కళ్ళజోడు తీసి, తుక్కు బుట్ట ఉన్న మూలకి వీపు పెట్టి, కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టింది. ఎంతసేపైనా చూస్తూనే ఉంది.

ఇంటికెళ్ళి, పూజ సామాను తోమే చింతపండుతో డైని తోముకున్నాడు పైడయ్య. మర్నాడు తుమ్మచెక్క తీసేసి దాని చోట బిగించి తీగ వదిలాడు. గుడ్డతో పట్టుకుంటే, అయిదు నెలల తర్వాత మొదటిసారి, వేళ్ళ మధ్య తీగ నున్నగా, ఒకే లావుగా, ఎక్కడా తడబడకుండా జారింది. అతనికి చెయ్యి తీయబుద్ధి కాలేదు. ఆ మధ్యాహ్నం క్యారేజీలో మెతుకు మిగల్చలేదు.

నెల తిరిగేసరికి మూడో నంబరు మిషను తీగ అంత బాగా ఎలా వస్తోందని పాత్రో గారికి అనుమానం వచ్చింది. రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చారు. ఆ మిషనుకి డై ఏమైనా ఇచ్చారా అని రిజిస్టరులో వెతికారు. ఇవ్వలేదు. పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చూశారు. లేదు. ఆయన రెండడుగులు వేసి మిషను మూత ఎత్తితే డై కనిపించేది. కానీ రిజిస్టరులో లేనిదాని కోసం మూత ఎత్తే మనిషి కాదాయన. పైడయ్య చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. పాత్రో గారు తీగని కొలిచారు. ఎనిమిది పాయింటు ఒకటి సున్నా. డై లేదు, తీగ సరిగ్గా ఉంది. ఆయన ఈసారి కూర్చోలేదు. జనరల్ మేనేజరు గారి గదికి పరుగే.

ఇన్నాళ్ళూ డైలే తీగని పాడుచేస్తున్నాయన్నమాట అన్నారట త్రివిక్రమరావు గారు. నాలుగో సర్క్యులరు చాలా చిన్నది. డై అను వస్తువు ఇందుమూలముగా రద్దు చేయడమైనది. జాబితాలో దాని వరుస కొట్టేశారు. కొత్త డై కోరే ఫారాలు కూడా వెనక్కి తీసుకున్నారు. డైల బీరువా తుక్కులోకి వెళ్ళింది. అరుగుదల నియంత్రణలో నూటికి నూరు శాతం సాధించినందుకు పాత్రో గారు ప్రధాన కార్యాలయానికి వెళ్ళిపోయారు. వెళుతూ పైడయ్యకి జ్ఞాపికగా రంధ్రం లేని డైని చెక్క పీట మీద బిగించి ఇచ్చారు.

రద్దయిన వస్తువు మిషనులో దొరికితే ఎంత గొడవో తెలుసు కనుక, పని అయిపోగానే పైడయ్య డైని విప్పి, తుడిచి, చొక్కా జేబులో వేసుకునేవాడు. పొద్దున వచ్చి మళ్ళీ బిగించేవాడు. నలభై ఒకటి ముద్ర డ్రమ్ములు గేటు దాటి వెళుతూనే ఉన్నాయి. ఒక్కటీ తిరిగి రాలేదు.

మళ్ళీ దసరా వచ్చింది. ముందు రోజు పైడయ్య, బీరువాతో పాటు తుక్కులో పారేసిన కొలత కడ్డీలు వెతికి తెచ్చి, ఎవరూ లేనప్పుడు డైని కొలుచుకున్నాడు. ఎనిమిది పాయింటు ఒకటి రెండు. ఆరు నెలల్లో రెండు వందవంతులు పోయాయి. రెండు అయిదు దాకా ఇంకా పదమూడు ఉన్నాయి. అవి కూడా అయిపోయిన రోజున ఇంకో డై కావాలని అడగడానికి ఈ కర్మాగారంలో కాగితం లేదు, అడిగే వస్తువుకి పేరు లేదు. పైడయ్యకి భయమేసింది. తన ఉద్యోగంలో ఇంకా ఎనిమిదేళ్ళు ఉన్నాయి. వేళ్ళ మీద లెక్కవేస్తే డై అంతకాలం రాదు.

ఆయుధ పూజనాడు మూడో నంబరు మిషనులో డై ఉండే ఖాళీ చోటుకి త్రివిక్రమరావు గారు స్వయంగా హారతి ఇచ్చారు. హారతి పళ్ళెం పైడయ్య ముందుకి వచ్చింది. అతను కళ్ళకద్దుకుని, కుంకుమ తీసి, నుదుట పెట్టుకున్నాడు. తర్వాత ఇంకొంచెం తీసి, ఎడమవైపు చొక్కా జేబు మీద జాగ్రత్తగా ఒక బొట్టు పెట్టాడు. పైపైనే పెట్టాడు. లోపలికి అంటనివ్వలేదు.

అదేమిటి పైడయ్యా అని అడిగారు త్రివిక్రమరావు గారు.

"లోపలున్నది నెమ్మదిగా అరగాలనండి బాబూ," అన్నాడు పైడయ్య.

గుండె గురించి ఒక సామాన్య కార్మికుడి నోట అంత లోతైన మాట త్రివిక్రమరావు గారు ఎన్నడూ వినలేదు. పైగా ఆ చలికాలం కూడా ఖాళీగానే ఉంది. సోమవారం పొద్దున్నే సర్క్యులరు వచ్చింది. సిబ్బంది యావన్మంది విధులకు హాజరగునపుడు ఎడమ జేబుపై కుంకుమ ధరించవలెను.

ఇప్పుడు నరవపాలెం కేబుల్ కర్మాగారం గేటు దగ్గర రోజూ ఉదయం నాలుగు వందల మంది వరసలో నిలబడతారు. కావలివాడు ఒక్కొక్కరి జేబూ చూసి లోపలికి వదులుతాడు. జేబులన్నిటి మీదా బొట్లు ఉంటాయి. ఒక్క జేబులో మాత్రం డై ఉంటుంది. అది రోజూ కొంచెం కొంచెం అరుగుతోంది.